ఆరు తీగల బారసాల

మా ఇంట్లో అందరికీ తెలివి సమానంగా వచ్చింది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అని దేవుడు తేడా చూపించలేదు. అందుకే మా అన్నదమ్ముల మధ్య ఇంతవరకూ గొడవ రాలేదు. పెద్దన్నయ్య గవర్రాజుకి ఏది తోస్తే నాకూ అప్పుడే అదే తోస్తుంది. తమ్ముడు బుల్లియ్యకి కాస్త ఆలస్యంగా తోస్తుంది, అంతే. పెద్దాపురంలో మా వీధివాళ్ళు ఏ పని తలపెట్టినా ముందు మమ్మల్ని అడుగుతారు. మేం చెప్పింది శ్రద్ధగా విని, అది మానేసి, ఇంకోలా చేసుకుంటారు. మామీద అంత గురి.

మాకొక్కతే చెల్లెలు, నూకరత్నం. దానికి ఆడపిల్ల పుట్టింది. బారసాల మా ఇంట్లోనే, ఉయ్యాల పెట్టాల్సింది మేనమామలం మేమే. చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. ఆమని అని పెట్టుకోవాలని నూకరత్నం కడుపుతో ఉన్నప్పటినుంచీ కలలు కంటోంది. వాళ్ళ అత్తగారు అచ్చియ్యమ్మగారేమో తన తల్లి పేరు బంగారమ్మ పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. మాటా మాటా పెరిగింది. పెద్దన్నయ్య గొప్పకి పోయి, మా మేనకోడలికి తనంతట తానే ఊగే ఉయ్యాల పెడతాం అనేశాడు. ఆవిడ నవ్వి, మీ ముగ్గురూ కలిసి అలాంటిది చేసి చూపిస్తే మీ చెల్లెలు కోరిన పేరే పెట్టుకోండి, లేదంటే బంగారమ్మే అంది. ఆ రోజంతా నూకరత్నం అన్నం ముట్టలేదు. మామీద నమ్మకంతోనే దాని కడుపు నిండిపోయిందనుకున్నాం.

పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక మోటారు దొరికింది. ఏదో పెద్ద ప్రింటరులోంచి ఊడదీసిందట. దాని వెనక చిన్న డబ్బీ ఉంది, దాన్ని ఎన్‌కోడర్ అంటారట. మోటారు ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో ఆ డబ్బీ కబురు చెప్తుంది. ఆ కబురు అందితేనే ఉయ్యాల ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కి రావాలో తెలుస్తుంది. ఇదంతా మా బావగారు ఫోన్లో చెప్పారు. బావగారంటే నూకరత్నం భర్త వీరభద్రం. వైజాగులో ఫ్యాక్టరీ మెషీన్లు బాగుచేస్తారు. బారసాల పొద్దుటికిగానీ ఆయనకి సెలవు దొరకలేదు.

మోటారు నుంచి ఆరు తీగలు వేలాడుతున్నాయి. ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, ఊదా. ఏది దేనిదో చెప్పే నాథుడు లేడు.

"రంగుల్ని మాత్రం నమ్మకండి బావా," అన్నారాయన పెద్దన్నయ్యతో. "ఒక్కో కంపెనీవోడు ఒక్కోలా వేత్తాడు. తప్పు తీగకి కరెంటిచ్చారంటే ఎన్‌కోడర్ మాడిపోద్ది."

ఫోను పెట్టేసి ముగ్గురం ఆలోచనలో పడ్డాం. ఇవాళ నమ్మకుండా ఉండగలం, రేపు మనసు మారితే? బుల్లియ్య అసలే మెత్తనివాడు, ఎర్రటిది ఏది కనపడినా కరిగిపోతాడు. నమ్మడానికి రంగే లేకుండా చేస్తే పీడా పోతుందని పెద్దన్నయ్య అన్నాడు. గేటుకి వెయ్యగా మిగిలిన నల్ల పెయింటు ఇంట్లో ఉంది. ఇంకేముంది, ఆరు తీగలూ నల్లగా అయిపోయాయి. ఊదా కాస్త మొండికేసి లోపల్నించి తొంగి చూస్తుంటే పూత మీద పూత వేశాం. ఒకదానికి వేసి ఇంకొకదానికి వెయ్యకపోతే అన్యాయమని అన్నిటికీ వేశాం.

ఈ సంగతి బావగారు మాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. అంత ముచ్చటేసింది కాబోలు. తరవాత, పోనీలెండి, లావుగా ఉన్న రెండూ మోటారువి, సన్నగా ఉన్న నాలుగూ ఎన్‌కోడర్‌వి అయ్యుంటాయి, ముందు అవి విడదీయండి అన్నారు. వెళ్ళి చూస్తే అన్నీ లావుగానే ఉన్నాయి. పెయింటు అంత బాగా పట్టింది. ఆ మాట కూడా గర్వంగానే చెప్పాం.

ఆయన నిట్టూర్చి, అయితే ఒక్కో తీగకీ ఒక్కో పేరు పెట్టుకోండి, పరీక్ష చేసేటప్పుడు కలిసిపోకుండా ఉంటాయి అన్నారు.

పేరు పెట్టడం అంటే మాటలా. పళ్ళెంలో బియ్యం పోశాం. ఉంగరంతో పేరు రాశాం. ఒక్కో తీగ కొసకీ పసుపు రాసి, అదే చెవి అనుకుని, అందులో పేరు మూడుసార్లు ఊదాం. మొదటిదానికి నాయనమ్మ పేరు, తరవాతదానికి అమ్మమ్మ పేరు, ఆ పక్కదానికి మా అమ్మ పేరు పెట్టాం. అచ్చియ్యమ్మగారు నొచ్చుకోకుండా ఒకదానికి ఆవిడ పేరూ, ఇంకొకదానికి బంగారమ్మ పేరూ పెట్టాం. ఆఖరిదాని దగ్గరికొచ్చేసరికి మాకు పేర్లు అయిపోయాయి. ఎప్పుడూ ఆలస్యంగా తోచే బుల్లియ్యకి ఆ రోజు అందరికంటే ముందే తోచింది. ఆమని అన్నాడు. వినడానికి ఎంతో ముద్దుగా ఉంది. పెట్టేసి శనగలు పంచుకున్నాం.

మర్నాడు బావగారు ఇంకో ఉపాయం చెప్పారు. నాలుగు సన్నతీగల్లో రెండు కరెంటువి, మిగతా రెండే కబురు చెప్పేవి. ఒకరు ఇరుసుని చేత్తో అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఉండాలి, ఇంకొకరు మీటరు పెట్టి చూడాలి. మీటరు కొనుక్కొచ్చాం. అరుగు మీద పెట్టి చూశాం. చక్కగా ఉంది. బుల్లియ్య ఇరుసు తిప్పుతుంటే నేను తీగలకి చెవి ఆనించి కబురు కోసం కూర్చున్నాను. ఏమంటోందిరా అని పెద్దన్నయ్య అడిగాడు. ఇంకా మొహమాటపడుతోంది అన్నాను. కొత్త కదా, పేర్లు కూడా నిన్ననే పెట్టాం, అలవాటు పడనీ అన్నాడు. ఇదంతా విని బావగారు ఫోను పెట్టేశారు. బుల్లియ్యని తిప్పడం ఆపమని మాత్రం చెప్పలేదు.

అంతే. బుల్లియ్య తిప్పుతూనే ఉన్నాడు. అన్నం మేమే ముద్దలు చేసి పెట్టాం. మోటారుని ఉయ్యాల కింద బిగించి, ఇరుసుకి తాడు చుట్టి, ఆ తాడుని ఉయ్యాలకి కట్టాం. మోటారుతోబాటు బుల్లియ్య కూడా ఉయ్యాల కిందికి వెళ్ళాడు. చుట్టూ జరీ గుడ్డ కట్టాం. బయటికొచ్చి చూద్దుం కదా, ఉయ్యాల ఊగుతోంది. ఎవరూ ముట్టుకోవడం లేదు. తనంతట తానే. నాకూ పెద్దన్నయ్యకీ కళ్ళు చెమర్చాయి.

బారసాలకి చుట్టాలంతా వచ్చారు. పాపని ఉయ్యాల్లో వేశారు. మెత్తగా, ఒక్క చప్పుడైనా లేకుండా ఊగింది. అచ్చియ్యమ్మగారు చుట్టూ తిరిగి చూసి ముక్కున వేలేసుకుంది. బావగారు మాత్రం జరీ గుడ్డ కిందనుంచి బయటికొచ్చిన రెండు పాదాలకేసి చూసి, వాళ్ళమ్మకేసి చూసి, అవి కనపడకుండా గుడ్డ సర్దారు. మాటంటే మాటే, ఆమని అనే పెట్టుకోండి అంది అచ్చియ్యమ్మగారు. నూకరత్నం మొహం వెలిగిపోయింది. చిన్నప్పటినుంచీ అది మాకేసి అంత గర్వంగా చూడటం అదే మొదలు.

బావగారు ఉంగరం తీసుకుని బియ్యంలో రాయబోయారు. పెద్దన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పేరు ఖాళీ లేదండీ బావగారూ. తీగకి పెట్టేశాం."

"అది గుర్తుకోసం పెట్టుకున్న పేరు బావా."

"మన పేర్లు మాత్రం మరి దేనికోసమండీ?"

 పోనీ బంగారమ్మ అని పెట్టెయ్యండి అంది అచ్చియ్యమ్మగారు. అదీ ఖాళీ లేదన్నాం. ఆవిడ తన పేరు చెప్పబోతుంటే అది కూడా పోయిందని ముందే చెప్పేశాం. పెద్దావిడ, ఎందుకు శ్రమ. తీగకి ఇంకో పేరు పెట్టండన్నయ్యా అని నూకరత్నం బతిమాలింది. చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు తీసేస్తే దానికెంత బాధగా ఉంటుందో ఆలోచించమన్నాం. బావగారికి ఒళ్ళు మండిపోయింది.

"అయితే ఏ పేరు ఖాళీగా ఉందో మీరే చెప్పండి," అన్నారు.

అడిగారు కాబట్టి ఆలోచించాం. తీగలన్నీ నల్లగా అయ్యాక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, ఊదా, ఈ పేర్లన్నీ ఊరికే పడి ఉన్నాయి. నలుపు ఒక్కటే వాడకంలో ఉంది. ఉన్నవాటిలో ఊదా కాస్త నాజూగ్గా ఉందని ముగ్గురికీ తోచింది. బుల్లియ్య ఉయ్యాల కిందనుంచే మాకు మాత్రం వినపడేలా సరేనన్నాడు. పంతులుగారికి అవతల ఇంకో బారసాల ఉంది. నాదీ నెగ్గలేదు, నా కోడలిదీ నెగ్గలేదు, పోనీలెమ్మని అచ్చియ్యమ్మగారు ఊరుకుంది. బియ్యంలో ఊదా అని రాశారు. నూకరత్నం వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనందం పట్టలేకపోయిందని అందరికీ మేమే చెప్పాం.

ఇప్పుడు ఊదాకి మాటలొచ్చాయి, నడకొచ్చింది. అమ్మతో మా ఇంటికొచ్చినప్పుడల్లా ఉయ్యాల దగ్గరికొచ్చి, జరీ గుడ్డ ఎత్తి, తల లోపలికి పెడుతుంది.

"చిన్న మావయ్యా, నేనిక్కడున్నాను. ఉయ్యాల్లో ఎవరూ లేరు. ఇంక ఆపు," అంటుంది.

బుల్లియ్య ఇరుసు తిప్పుతూనే మాకేసి చూస్తాడు. మేమిద్దరం తల అడ్డంగా ఊపుతాం. రంగుల్ని నమ్మొద్దని బావగారు మొదటిరోజే చెప్పారు కదా.