బిక్కిలమ్మ గుట్టపై పసుపు పూల మహిమ

నల్లమల అడవి అంచున, రాతి నేల మీద లేచిన చిన్న గుట్టపై బిక్కిలమ్మ తల్లి కొలువై ఉంది. గోపురం లేదు, ప్రాకారం లేదు. అమ్మవారు ఉలి తగలని రాయి. ఆ రాతి చుట్టూ అల్లుకున్న బిక్కి పొదలే ఆమెకు గుడి. బిక్కి జాతిలో రకాలు కొన్ని ఉన్నా, ఇక్కడ పెరిగేది మనిషి ఎత్తు మించని పొద. చలికాలం వెళ్ళేసరికి ఆకంతా రాల్చి మోడై నిలుస్తుంది. మొగ్గల దగ్గర బంగారు రంగు బంక ఊరుతుంది. కాపరులు దానిని పశువుల పుండ్లకు రాసి ఈగలు వాలకుండా చూసుకుంటారు. ఎండలు ముదిరాక, చిగురు కంటే ముందే, ఆ మోడు తెల్లగా పూస్తుంది. నేడు విచ్చిన తెల్ల పువ్వు రేపటికి పసుపు పచ్చనవుతుంది.

పూర్వం దీనిని మోళ్ళగుట్ట అనేవారు. గుట్ట కింది పల్లెలో ఓబుళమ్మ అనే మేకల కాపరి ఉండేది. భర్త పాము కాటుకు పోయేనాటికి కూతురు చెన్నక్క ఇంకా పాలు మరవలేదు. ఆ బిడ్డను చంకన వేసుకునే ఓబుళమ్మ ఈ రాళ్ళ మీద మేకలు కాసి, పెంచి పెద్ద చేసింది. ఒక వైశాఖంలో చెన్నక్కకు పెళ్ళి కుదిరింది.

పెళ్ళికూతురిని గుట్టకు తెచ్చి, అమ్మవారి పసుపును కన్నతల్లి ఆమె చెంపలకు అద్దడం ఆ పల్లె ఆచారం. ఓబుళమ్మ ఆడబిడ్డ లక్కమ్మ ముందుగానే వచ్చి చెప్పింది.

"మనసులో పెట్టుకోవద్దు వదినా. పసుపు నేను పూస్తాను. నువ్వు ఇంటికాడే ఉండు. పిల్ల కాపురం చల్లగా ఉండాల గదా."

తన నీడ పడి బిడ్డకు ఏమవుతుందోనన్న భయం లక్కమ్మ కంటే ఓబుళమ్మకే ఎక్కువ.

పసుపు పూసే ముందునాటి ఉదయం ఆమె మేకలతో గుట్టెక్కింది. ఒక్క ఆకైనా లేని పొద ఒళ్ళంతా పూసి ఉంది. "మోడువైనావని నిన్నెవరూ పూయొద్దనలేదు గదమ్మా" అంటూ దాని ముందు కూలబడి ఏడ్చింది. ఒడి నిండా పూలు కోసి రాతి పాదాన పోసింది. "పసుపు ముట్టే రాత నాకు లేదు తల్లీ. నా బిడ్డకు నువ్వే పెట్టు" అని మొక్కి వెళ్ళిపోయింది.

మరునాడు చెన్నక్క, అమ్మ రానిదే గడప దాటనని పట్టుబట్టింది. చేసేది లేక ఓబుళమ్మను కూడా తీసుకువచ్చి దూరంగా నిలబెట్టారు. రాతి ముందు పచ్చగా మెరుస్తున్న పూల కుప్పను చూసి పూజారి కొండన్న ఆగిపోయాడు.

"ఈ పూలు ఎవరు పెట్టినారు?"

"నేనే సామీ" అంది ఓబుళమ్మ. "నిన్న తెల్లపూలే పెట్టినాను."

"అది బిక్కి పువ్వు గుణం. ఏటా మారేదే గదా!" అంది లక్కమ్మ.

కొండన్న వంగి ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నాడు. "ఏటా మారేదే లక్కమ్మా. ఎవరి కోసం మారుతోందో మనం ఏనాడూ అడగలేదు. ఈ తల్లి తెల్లపువ్వు ఇస్తే అమ్మవారు పసుపు చేసి ఇచ్చింది. కాదనడానికి నేనెవరిని?" అని, పూలు తీసి ఓబుళమ్మ దోసిట పోశాడు.

ఆమెకు చేతులు లేవలేదు. "బిడ్డకు ఏమన్నా అయితే?" అంది. చెన్నక్క వచ్చి ఆమె ముందు కూర్చుని ముఖం ఎత్తింది.

"నన్ను ఇంతదాన్ని చేసిన చెయ్యే గదమ్మా!"

ఓబుళమ్మ ఒక పువ్వు తీసి కూతురి చెంపకు అద్దింది. నిన్నటి బంక వేళ్ళకు ఇంకా అంటుకునే ఉందేమో, ఒక రేకు చెంప మీదే నిలిచిపోయింది. అప్పుడు లక్కమ్మే కన్నీళ్ళు తుడుచుకుంటూ పసుపు పళ్ళెం తెచ్చి వదిన ముందు పట్టింది.

చెన్నక్క పిల్లాపాపలతో నిండు నూరేళ్ళు బతికిందని పెద్దలు చెబుతారు. ఆనాటి నుంచి అమ్మవారు బిక్కిలమ్మ అయింది. ఈ గుట్టపై ఎండు కొమ్మనైనా ఎవరూ విరవరు. భర్తను పోగొట్టుకున్న తల్లులు వైశాఖంలో ఊరూరి నుంచి కూతుళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, పచ్చబడిన పువ్వును తమ చేతులతోనే వారి చెంపలకు అద్దుతారు. అలా దీవెన పొందిన ఆడపిల్ల కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం. పూజారి వచ్చిన తల్లిని భర్త పేరు అడగడు, గోత్రం అడగడు. "అమ్మాయి పేరేమిటి తల్లీ?" అని మాత్రమే అడుగుతాడు.