నడక సంఘం కొలబద్ద

విశాఖపట్నంలో హైమవతి అనే మానసిక శాస్త్రవేత్త తొందరపడి తయారుచేసిన ఒక పరీక్ష, మతి చక్కగా ఉన్న ముసలమ్మకు మతి పోయిందని తేల్చింది.

హైమవతి తెలివైనదే. కానీ ఏ పనినైనా దగ్గరి దారిలో ముగించేది. పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బును మొదట్లోనే పసిగట్టడానికి తెలుగులో ఒక చిన్న పరీక్ష కావాలని అధికారులు ఆమెను అడిగారు. అలాంటిది తయారుచేయాలంటే, ముందు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను చాలామందిని ప్రశ్నలు అడిగి చూడాలి. వాళ్ళు ఎన్నింటికి జవాబు చెప్పగలరో చూసి ఒక గీత గీస్తారు. ఆ గీత కిందికి జారినవాళ్ళకు జబ్బు ఉండవచ్చని అనుమానిస్తారు.

ఆ పెద్దవాళ్ళు హైమవతికి ఇంటి దగ్గరే దొరికారు. ఉదయం పూట సముద్రపు ఒడ్డున నడిచే విశ్రాంత ఉద్యోగుల సంఘం ఒకటి ఉండేది. అందులో బ్యాంకు మేనేజర్లు, లెక్చరర్లు, ఇంజనీర్లు, వాళ్ళ భార్యలు. పిలవగానే ఇస్త్రీ బట్టల్లో వచ్చి కూర్చున్నారు. ఈ రోజు తేదీ చెప్పారు. గడియారం బొమ్మ గీశారు. భార్య పేరు, భర్త పేరు చెప్పారు. విన్న మాటలు గుర్తుపెట్టుకుని తిరిగి అప్పజెప్పారు.

"ఇంకో నాలుగు ప్రశ్నలుంటే అడగండమ్మా, కాలక్షేపంగా ఉంది" అన్నాడు సంఘం అధ్యక్షుడు రామానుజరావు.

హైమవతి దగ్గర పనిచేసే జుబేదాకు మాత్రం ఇది నచ్చలేదు.

"మేడం, వీళ్ళంతా ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళలా ఉన్నారు. పల్లెలవాళ్ళనీ, బడి మొహం చూడనివాళ్ళనీ కూడా అడగాలి కదా" అంది.

"మెదడు అందరికీ ఒకటే, జుబేదా. జ్వరం చూడ్డానికి పల్లెకో థర్మామీటరు, పట్నానికో థర్మామీటరు ఉంటాయా?"

"థర్మామీటరు ప్రశ్నలు అడగదు కదా మేడం."

హైమవతి నవ్వింది. నవ్వి, గీత గీసేసింది. పరీక్ష అచ్చయింది. పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టి దాన్ని వాడడం మొదలుపెట్టారు.

చోడవరం దగ్గర ఒక పల్లెలో పైడమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఊళ్ళో ఎంతోమంది పసిపిల్లలను ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. ఆ మధ్యే మనవరాలు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. మునిమనవరాలికి నీళ్ళు పోసే పని కూడా పైడమ్మదే. అంతలో శిబిరం వచ్చింది. బడి గదిలో ఆవిడను ఒక్కదాన్నే కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. తర్వాత కోడలు రాజులమ్మ చేతిలో ఒక కాగితం పెట్టారు. 'మతిమరుపు జబ్బు ఉండవచ్చు. పసిపిల్లలను ఈమెకు అప్పగించవద్దు' అని అందులో ఉంది.

"పిల్లను కాళ్ళ మీదే మర్సిపోయి లేసిపోతే ఏటి గతి?" అంది రాజులమ్మ. మర్నాటి నుంచి పిల్లను అత్త చేతికి ఇవ్వలేదు. పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపించినప్పుడల్లా పైడమ్మ వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చునేది. తిండి తగ్గించింది. మాటలూ తగ్గించింది. అది కూడా జబ్బు ముదరడమేనని ఇంట్లో అనుకున్నారు.

అక్కడ విశాఖపట్నంలో హైమవతి లెక్కలు చూసి ఆశ్చర్యపోయింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ఎక్కువమంది గీత కిందే ఉన్నారు. నీళ్ళలో ఏదో దోషం ఉండాలనుకుంది. తనొక గొప్ప విషయం కనిపెట్టానని కూడా అనుకుంది. వివరాల కోసం జుబేదాను వెంటబెట్టుకుని పైడమ్మ ఇంటికి వచ్చింది.

"ఇది ఏ నెలమ్మా?" అని అడిగింది హైమవతి.

"మాగం. ఈ రోజు పంచమి. ఎల్లుండి రథసప్తమి. జిల్లేడాకులు తెమ్మన్నాను. నా మాట ఎవులింటారు?" అంది పైడమ్మ.

హైమవతి కలం ఆగింది. ఆమె దగ్గరున్న సరైన జవాబు ఫిబ్రవరి.

"మీ ఆయన పేరేమిటి?"

పైడమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"గుర్తు లేదా?"

గుమ్మంలో నిలబడ్డ రాజులమ్మ ఫక్కున నవ్వింది.

"అదేటి తల్లీ, ఆవిడెలా సెప్తాది? మొగుడి పేరు నోటితో ఎత్తుతామా? మా మావ పేరు నానే ఎత్తను." ఆ మాటతోనే ఆమె నవ్వు ఆగిపోయింది. "బళ్ళో కూకోబెట్టి అడిగింది ఇదేనా? ఇది సెప్పలేదనేనా ఆ కాయితం ఇచ్చేరు?"

జుబేదా సంచిలోంచి మిగతావాళ్ళ జవాబులు తీసి చూసింది. "ఆడవాళ్ళెవరూ ఈ ప్రశ్నకు నోరు విప్పలేదు మేడం. గడియారం బొమ్మ కూడా అంతే. పలక పట్టని చేతికి పెన్సిలు ఇచ్చాం."

పైడమ్మ అప్పుడు హైమవతి వైపు తిరిగింది.

"పిల్లను నా వొళ్ళోంచి తీసేసినారు. నా మతి పోయిందన్నారు. నా దగ్గిర పోని మతి నీకెక్కడ దొరికిందమ్మా?"

హైమవతి కాగితాలు పక్కన పెట్టింది. "తప్పు నా పరీక్షది. నీది కాదు" అంది. రాజులమ్మకు కూడా అదే మాట మళ్ళీ చెప్పింది.

రాజులమ్మ లోపలికి వెళ్ళి పిల్లను ఎత్తుకొచ్చింది. "నీళ్ళు కాగినాయి. రా, అత్తా."

"మతి లేనిదాన్ని, నానెందుకు? నువ్వే పోసుకో" అంది పైడమ్మ. అంటూనే పెరట్లోకి నడిచి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది.

ఆ వారంలోనే ఇంకో సంగతి తెలిసింది. పరీక్షలో అన్నింటికీ సరైన జవాబు చెప్పిన నడక సంఘం అధ్యక్షుడు రామానుజరావు, ఇంటికి దారి తెలియక భీమిలి బస్టాండులో కూర్చుని ఏడుస్తుంటే ఎవరో తీసుకొచ్చి దింపారు. చదువుకున్నవాడు కాబట్టి అలాంటి జవాబులు ఆయన నోటికి ఇంకా అలవాటుగా వస్తున్నాయి. వాటి చాటున జబ్బు దాక్కుంది. ఆ గీత పైడమ్మకే కాదు, ఆయనకూ పనికిరాలేదు.

హైమవతి పరీక్షను వెనక్కి తీసుకుంటానంది. అధికారులు విసుక్కున్నారు. "ఆ ప్రశ్నలు మార్చి పంపండి, సరిపోతుంది" అన్నారు.

"మార్చాల్సింది ప్రశ్నల్ని కాదు. నేను అడిగిన మనుషుల్ని."

"ఆలస్యమైతే ఈ పని ఇంకొకరికి ఇస్తాం."

"ఇచ్చుకోండి" అంది హైమవతి. వాళ్ళు ఇచ్చేశారు కూడా.

ఆమె జుబేదాతో కలిసి, గీత కింద పడ్డ ప్రతి ఇంటికీ వెళ్ళి ఆ కాగితాలు తప్పని చెప్పి వచ్చింది. తర్వాత సొంతంగా పని మళ్ళీ మొదలుపెట్టింది. జాలరిపేటలో వలలు బాగుచేసుకునేవాళ్ళ పక్కన కూర్చుంది. కొండ ఊళ్ళలో సంత ముగిసేదాకా ఆగింది. కొందరు కసిరారు, కొందరు రేపు రమ్మన్నారు. ఆమె మళ్ళీ వెళ్ళింది. ఏళ్ళు పట్టింది. తాను పిలిస్తే వచ్చినవాళ్ళు సగానికి మించకూడదని, మిగతా సగం తానే వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళై ఉండాలని పని మళ్ళీ మొదలుపెట్టిన రోజే ఆమె నిర్ణయించుకుంది. ఆ తర్వాత చేసిన ఏ పరీక్షలోనూ ఆ నియమం తప్పలేదు.

మన దగ్గరికి వచ్చినవాళ్ళను మాత్రమే చూసి చేసిన కొలబద్ద, రానివాళ్ళను తప్పుగా కొలుస్తుంది.