జిలుగు ఆగిన తొమ్మిదో గుట్ట

అనగనగా ఒక అడవిలో, తూర్పు వైపుగా, వరసగా పన్నెండు గుట్టలు ఉండేవి. పన్నెండో గుట్ట దిగితే సముద్రమే. ఏటా వానలు వెనకబట్టాక అడవిలోని జంతువులు ఆ పన్నెండు గుట్టల మీదుగా పరుగు పందెం పెట్టుకునేవి. పొద్దు పొడుస్తుండగా బయలుదేరాలి. పొద్దు గూకేలోగా సముద్రంలో కాలు తడపాలి. అదీ పందెం.

ఆ ఏడు జిలుగు అనే పడుచు జింక మొదటిసారి పందెంలో చేరింది. సముద్రం ఎలా ఉంటుందో దానికి తెలీదు. కొంగలు చెప్పగా విన్నదే. ఆకాశం కిందికి దిగొచ్చి పడుకున్నట్టు ఉంటుందట. నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు పొంగుతుందట. ఆ మాట విన్న రోజు నుంచి జిలుగు గడ్డి మేస్తూ మేస్తూ తల ఎత్తి, తూర్పుకేసి చూస్తూ అలాగే నిలబడిపోయేది. పక్కనున్నవాళ్ళు దాని గడ్డి కూడా మేసేసేవాళ్ళు.

పందెం రోజు రానే వచ్చింది. నెమలి కూసింది. అంతే, అడవి అంతా గిట్టల చప్పుడే. కుందేళ్ళు, కణుజులు, అడవి పందులు, అన్నీ ఒక్కసారిగా ఉరికాయి. అందరికంటే ముందు జిలుగు. మంచు తడి ఇంకా ఆరని గడ్డి మీద దాని కాళ్ళు ఆనుతున్నాయో లేదో అన్నట్టు పోతోంది. గుండె డప్పులా మోగుతోంది. చిలకలు పైన ఎగురుతూ, "జిలుగే ముందు, జిలుగే ముందు" అని అరుస్తున్నాయి.

మూడో గుట్ట మీద చౌడు మట్టి గుంట ఉంది. పరిగెత్తేవాళ్ళు అక్కడ ఆగి ఆ ఉప్పటి మట్టి నాలుగు నాకులు నాకి, నీళ్ళు తాగి పోవడం పెద్దల నాటి నుంచి ఉన్న పద్ధతి. గుంట దగ్గర కాపలా ఉన్న ముళ్ళపంది అవ్వ పిలిచింది.

"ఆగవే అమ్మాయ్. పరుగులో ఒంట్లో ఉప్పంతా పోతుంది. కాస్త మట్టి నాకి పో."

"వచ్చే గుట్ట దగ్గర చూద్దాంలే అవ్వా," అంటూ జిలుగు ఒక్క గుక్క నీళ్ళు తాగి ఉరికింది.

వెనకే వస్తున్న బొద్దయ్య అనే అడవి పంది అది చూశాడు. "అంత బాగా పరిగెత్తే పిల్లే నాకలేదు, నాకెందుకు?" అనుకుని తనూ ఆగకుండా పోయాడు.

ఆరో గుట్ట మీదా మట్టి గుంట ఉంది. ఉడుము తాత పిలిచాడు. "ఇటు రా తల్లీ, నాలుగు నాకులే."

"ఇప్పుడు ఆగితే వెనకోళ్ళు అందుకుంటారు తాతా."

"అందుకుంటే అందుకోనీ. వాళ్ళేమన్నా నిన్ను తింటారా?"

జిలుగు నవ్వుకుంటూ నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. దాని కళ్ళ ముందు అప్పుడే నీలం రంగు.

తొమ్మిదో గుట్ట సగం ఎక్కేసరికి ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. ఇంకో నాలుగు అడుగులకు కుడిదీ అంతే. జిలుగు తూలి బండల మీద పడింది. మోకాలి కీలు మెలిక తిరిగింది. లేచింది. పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. పొద్దు ఇంకా నడినెత్తి నుంచి కాస్తే వాలింది. గుట్టలు మూడే మిగిలాయి. కాలు మాత్రం వాచిపోయింది.

పొద పక్కన కూర్చుని పందెం చూస్తున్న నక్క పిన్ని దగ్గరికొచ్చింది.

"ఇక పరిగెత్తలేవులే. కానీ ఓడిపోయానని మాత్రం చెప్పకు. పొద్దున్నుంచీ చిలకలు నీ పేరే అరిచాయి. రేపు మంద ముందు తల ఎలా ఎత్తుకుంటావు?"

"మరేం చెప్పను పిన్నీ?"

"చిరుత తరిమిందని చెప్పు. చిరుత అన్నావంటే ఎలుగు మామ పందెం ఆపించేస్తాడు. అందరూ వెనక్కి పోతారు. ఓడింది నువ్వొక్కదానివే కాదు, అందరూనూ. నాలుగేళ్ళ కిందట నేను ముల్లు గుచ్చుకుందని చెప్పా. ఇప్పటికీ అయ్యో పాపం అంటారు నన్ను."

అంతలో తొమ్మిదో గుట్ట కాపలాదారు ఎలుగు మామ పైనుంచి దిగివచ్చాడు. పందెంలో ఆగిపోయినవాళ్ళు ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో తమ నోటితో చెప్పాలి. చిలకలు ఆ మాట గుట్ట గుట్టకూ చాటుతాయి.

"చెప్పమ్మా. ఎందుకాగావు?"

జిలుగు నోరు తెరిచింది. చిరుత అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే కింద దారిలో దుమ్ము లేచింది. చిన్నా పెద్దా, రొప్పుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ వస్తున్నారు. వాళ్ళ కళ్ళలోనూ అదే నీలం రంగు. తన ఒక్క మాటతో ఆ కళ్ళన్నీ వెనక్కి తిరిగిపోతాయి.

జిలుగుకు ఏడుపు పొంగుకొచ్చింది. అయినా చెప్పింది.

"తొమ్మిదో గుట్ట మీద ఆగిపోయాను మామా. ఎవరూ తరమలేదు. రెండుచోట్లా చౌడు మట్టి నాకకుండా పరిగెత్తాను. పిక్కలు పట్టేశాయి. పొరపాటు నాదే."

నక్క పిన్ని పెదవి విరిచి పొదలోకి పోయింది. చిలకలు ఆ మాటే చాటుకుంటూ ఎగిరాయి.

ఎనిమిదో గుట్ట దిగుతున్న బొద్దయ్యకు అది వినబడింది. అప్పటికే అతని కాలు లాగుతోంది. కుంటుకుంటూ వచ్చి, జిలుగు పడినచోటికి పక్కనే ఉన్న తొమ్మిదో గుట్ట మట్టి గుంటలో మూతి పెట్టాడు.

"నిన్ను చూసి నేనూ మానేశానే పిల్లా. నువ్వు చెప్పకపోతే పదో గుట్ట మీద దొర్లేవాణ్ణి."

"ఇంకో రెండు నాకులు నాకు బాబాయ్. తొందరపడకు. నీళ్ళు తాగు," అంది జిలుగు కళ్ళు తుడుచుకుంటూ.

కాసేపు కూర్చుని బొద్దయ్య లేచాడు. జిలుగు కూర్చున్నచోటి నుంచే అరిచింది. "పద బాబాయ్, పొద్దుంది, పద పద." వెనకొచ్చిన ప్రతి ఒక్కరినీ అలాగే మట్టి నాకించి, అరిచి, తరిమినంత పని చేసింది. గొంతు బొంగురుపోయింది. పొద్దు గూకేలోగా బొద్దయ్య సముద్రంలో కాలు తడిపాడని చిలకలు చెబితే, మూడు కాళ్ళ మీదే గెంతింది కూడా.

మర్నాడు బొద్దయ్య తిరిగొచ్చాడు. జిలుగు అక్కడే ఉంది. "ఎలా ఉంది బాబాయ్?" అని అడిగింది.

"నేను చెబితే ఏం బాగుంటుంది? పందెం పొద్దు గూకగానే అయిపోయింది. సముద్రం అయిపోలేదుగా. కాలు తగ్గాక నడిచిపో."

వాపు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు జిలుగు నడిచింది. ఒక గుట్ట ఎక్కి పడుకుంది. ఇంకోటి ఎక్కి మేసింది. మూడోది దిగేసరికి ఇసుక. ఎదురుగా, కొంగలు చెప్పినదానికన్నా పెద్దగా, సముద్రం.

ఒడ్డున ఒక పీత తల పైకెత్తి అడిగింది. "పందెం అయిపోయి చాలా రోజులైందే. నువ్వు ఓడినదానివా?"

"ఆఁ. తొమ్మిదో గుట్ట మీద ఆగిపోయాను."

"మరిప్పుడెందుకొచ్చావు?"

"ఇంకా మూడు గుట్టలు మిగిలిపోయాయిగా," అంది జిలుగు. ఒక అల వచ్చి దాని నాలుగు కాళ్ళూ తడిపింది.

నీతి: ఎక్కడ ఆగామో, ఎందుకు ఆగామో నిజంగా ఒప్పుకుంటేనే అక్కడి నుంచి మళ్ళీ బయలుదేరగలం.