నోరు తెరవని మహారాజు

పూర్వం మణికుంతలం అనే రాజ్యాన్ని ఉద్దండభూపతి ఏలుతుండేవాడు. ఆయనకు తీపి మీద మమకారం, తన హోదా మీద అంతకు మించిన మమకారం. రోజూ పడుకోబోయే ముందు కజ్జికాయలు తిని, నోరైనా పుక్కిలించకుండా నిద్రపోయేవాడు.

ఒకనాడు ఆయనకు పంటిపోటు మొదలైంది. దవడ బూరెలా ఉబ్బింది. ఆస్థాన వైద్యుడు శరభయ్య వచ్చి, ఒక్కసారి నోరు తెరవమని వేడుకున్నాడు.

రాజు దవడ పట్టుకుని, "ఆజ్ఞలిచ్చేది మేము. ఒకరు తెరవమంటే మేము నోరు తెరవము. రేపటిలోగా నొప్పి తగ్గించు, లేదా రాజ్యం విడిచి పో" అన్నాడు.

ఏ పన్నో తెలియకుండా ఏం చేయాలో శరభయ్యకు పాలుపోలేదు. దిగులుగా ఇంటికి పోతుంటే, వేపపుల్లలమ్మే నాంచారమ్మ పలకరించి సంగతంతా రాబట్టింది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు.

"రేపు నన్ను సభకు తీసుకుపో నాయనా. నేనేం చేసినా నావైపు చూడకు. రాజుగారి నోటివైపే చూడు" అంది.

మర్నాడు సభలో నాంచారమ్మ నిండు నీళ్ల ఇత్తడి బిందె పెట్టించింది. బిందె మెడకు తాడు కట్టి, కొసను పళ్ల మధ్య కరిచి, చేతులు వెనక్కి పెట్టుకుంది. సభంతా ఊపిరి బిగబట్టింది. తల తిప్పి చూడాలని శరభయ్య ప్రాణం కొట్టుకుపోయింది. అయినా చూడలేదు.

"లేచింది... బిందె లేచింది" అని ఎవరో గొణిగారు.

రాజు కళ్లు పెద్దవయ్యాయి. నొప్పి సంగతే మరిచి, నోరెళ్లబెట్టి చూస్తుండిపోయాడు. కుడివైపు కింది దవడలో నల్లగా పుచ్చిన పన్ను, చుట్టూ వాచిన చిగురు శరభయ్యకు స్పష్టంగా కనిపించాయి.

"కనబడింది ప్రభూ" అన్నాడు.

రాజు చటుక్కున నోరు మూశాడు. నాంచారమ్మ నెమ్మదిగా బిందె దించింది.

"మా చేత నోరు తెరిపిస్తావా?" అన్నాడు రాజు కోపంగా.

"నేను తెరవమనలేదు ప్రభూ. తమరే తెరిచారు" అంది నాంచారమ్మ.

రాజు బిందెవైపు, నాంచారమ్మవైపు మార్చి మార్చి చూశాడు. అంతలో దవడ పట్టుకునే ఫక్కున నవ్వాడు. "తెరిచిన నోరు మళ్లీ మూయడం దేనికి?" అంటూ వైద్యుడి ముందు కూర్చున్నాడు. పుచ్చు పన్ను ఊడి వచ్చింది.

నొప్పి తగ్గాక రాజు స్వయంగా సింహాసనం దిగి వచ్చి, నాంచారమ్మ పళ్లు లెక్కపెట్టాడు. ముప్పై రెండూ ఉన్నాయి. ఆయనకు నమ్మబుద్ధి కాక మళ్లీ లెక్కపెట్టాడు.

రహస్యమేమిటని అడిగితే, రెండుపూటలా వేపపుల్లతో తోముకుంటాననీ, ఏం తిన్నా వెంటనే పుక్కిలిస్తాననీ చెప్పింది.

"ఇంతేనా?"

"ఇంతే ప్రభూ. కాకపోతే ఒక్కరోజూ మానలేదు."

రాజు ఆమెకు పట్టుచీర పెట్టి, రాజోద్యానంలోని వేపచెట్లన్నీ రాసిచ్చాడు. ఆ చెట్ల పుల్లల్లో మొదటి కట్ట ప్రతి ఉదయం అంతఃపురానికే వెళ్లేది.