ముత్యాల పళ్ళెం

వెనకటికి వీరభూపాలుడనే రాజు ఒక చిన్న రాజ్యాన్ని ఏలుతుండేవాడు. తన చూపును చీమైనా తప్పించుకోలేదని ఆయనకు మహా గర్వం.

ఒకసారి శత్రువుల వేగువాడొకడు కోటలో దూరాడని, వాడి కాలికి ఆరు వేళ్ళని తెలిసింది. రాజు కోటవాకిలి కావలివాడు ఎర్రపోతును పిలిపించాడు.

"వచ్చేపోయేవాళ్ళ పాదాల మీంచి చూపు తిప్పావో, జాగ్రత్త!"

ఎర్రపోతు పొద్దస్తమానం పాదాలే చూశాడు. సాయంత్రానికి ఆరువేళ్ళవాణ్ణి పట్టుకున్నాడు కూడా. కానీ ఆ మధ్యాహ్నమే ఎవడో రాజుగారి పెంపుడు గోరువంకను వెండి పంజరంతో సహా నెత్తిన పెట్టుకుని, అదే వాకిలి గుండా దర్జాగా వెళ్ళిపోయాడు.

రాజు మండిపడ్డాడు. "అంత పంజరం కనబడని కళ్ళు వీడికెందుకు? రేపు పీకించండి!"

"పాదాలు చూడమన్నారు మహాప్రభూ, పాదాలే చూశాను" అంటూ ఎర్రపోతు నేలమీద పడ్డాడు.

"ఆ పంజరం నా ఎదుటి నుంచైతే పోగలిగేదా?" అన్నాడు రాజు.

ఆస్థానంలో కొమ్మన అనే మాటకారి ఉన్నాడు. ఎదురు చెబితే రాజుకు పంతం పెరుగుతుందని ఎరిగినవాడు కనక అప్పటికి ఊరుకున్నాడు.

మర్నాడు సభ తీరగానే లేచి, "ప్రభూ, మన బొక్కసంలోని ఈ నూరు ముత్యాల్లో ఒకటి గాజుపూసట. పరీక్షకులు చేతులెత్తేశారు. ఇక తమ కంటికే లొంగాలి" అన్నాడు.

ముత్యాల పళ్ళెం రాజు ముందుకు వచ్చింది. ఆయన వంగి ఒక్కొక్క ముత్యాన్నీ తిప్పి తిప్పి చూడసాగాడు. నడుమ పళ్ళెం కాస్త వణికితే "కదలకురా!" అని కసిరాడు.

చివరికి "ఇదిగో!" అంటూ పూసను పైకెత్తాడు.

"భళా ప్రభూ! మరి ఇందాక తమరు కసిరింది ఎవరిని?" అన్నాడు కొమ్మన.

రాజు తలెత్తాడు. పళ్ళెం పట్టుకుని మూరెడు దూరంలో నిలుచున్నవాడు ఎర్రపోతు. వాడి మెడలో ఖైదీ గొలుసు అలాగే ఉంది.

"కళ్ళు అన్నిటినీ చూస్తాయి ప్రభూ. మనసు మాత్రం తాను వెతికేదాన్నే లోపలికి రానిస్తుంది. తమ కళ్ళలో దోషం లేదు. వీడి కళ్ళలోనూ లేదు."

రాజు మొహం ఎర్రబడింది. సభ బిక్కచచ్చిపోయింది. అంతలో ఆయనే పగలబడి నవ్వాడు. "అయితే నా కళ్ళూ పీకించాలంటావేమిటోయ్!"

ఎర్రపోతు గొలుసు తీయించి, వేగువాణ్ణి పట్టినందుకు చేతికి కడియం తొడిగాడు. ముత్యాలన్నీ కొమ్మనకు ఇచ్చేశాడు.

నవ్వు సద్దుమణిగాక రాజు సభంతా నెమ్మదిగా కలియజూశాడు. తన పక్కనే వింజామర వీస్తున్న ఆడమనిషి మీద చూపు ఆగింది. ఆమెకు సగం జుట్టు నెరిసింది.

"ఎవరమ్మా నువ్వు? కొత్తగా వచ్చావా?"

"చంద్రిని మహాప్రభూ" అందామె తలవంచుకుని. "పదకొండేళ్ళయింది."