ఏరు వెనుదిరిగిన పూట

ఒకప్పుడు సముద్రుడికి గడప దాటే అలవాటే లేదర్రా పిల్లలూ! ఎక్కడివాడక్కడే కూర్చునేవాడు. ఏరే కొండ దిగి, పగలనక రాత్రనక ఆయన దగ్గరికి పరిగెత్తేది. ఎప్పుడూ కిందికే. ఒక్క అడుగు కూడా వెనక్కి వేసి ఎరగదు.

అందుకని ఆ ఏటి మీద పడవ కిందికి రావడం హాయి. పైకి పోవాలంటే మాత్రం గాలి దయ తలచాలి. గాలి వీస్తే తెరచాప, వీయకపోతే లంగరు. అంతే సంగతులు.

సముద్రపు ఒడ్డున లోవరాజు అని ఒక పడవవాడుండేవాడు. అతని భార్య మరిడమ్మ. ఆమెకి నెలలు నిండాయి. పుట్టిల్లేమో ఏటికి ఎగువన, ఏడు మలుపుల అవతల. వాళ్ళమ్మ మంత్రసాని. ఆ ఏటి పొడుగునా పురుడు పోయడం తెలిసిన చేతులు ఆవిడవే! అందుకే పొద్దున్నే గాలి చూసుకుని మొగుడూ పెళ్ళాం పడవెక్కారు. మధ్యాహ్నానికల్లా చేరిపోతాం కదా అని దోసెడు బియ్యం మాత్రం మూట కట్టుకున్నారు.

నాలుగో మలుపు తిరిగారో లేదో, గాలి ఆగిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. లోవరాజు గబగబా లంగరు దింపాడు. చుట్టూ చూస్తే ఊరు లేదు, మనిషి లేడు, ఎక్కడా పొయ్యి పొగైనా లేదు. రెండొడ్డులా బురద, మడచెట్లు.

లంగరెత్తి తెడ్డు వేసి చూశాడు. రెండు బారలు ముందుకి, ఊపిరి తీసుకునేలోగా మూడు బారలు వెనక్కి! ఇలా కాదని మళ్ళీ లంగరేసి, ఒడ్డుకి దిగి తాడు పట్టి లాగబోయాడు. నడుం దాకా కూరుకుపోయాడు.

బురదలోంచి ఒక పీత పకపకా నవ్వింది. "ఎదురెక్కడానికి చేపకి తోకుంది. నీ పడవకేదయ్యా తోక?"

"నోరు ముయ్యి! పట్టుకుని పులుసులో వేస్తా!" అన్నాడు లోవరాజు.

"ముందు నువ్వు బయటికి రా, తరవాత వేద్దువుగాని," అంది పీత.

మరిడమ్మ పడవ అంచున వంగి ఏటిని చేత్తో తాకింది. "అమ్మా, నువ్వూ ఆడదానివే. నన్ను మా అమ్మ దగ్గరికి చేర్చవూ? ఈ ఒక్క పూటా పైకి నడువు తల్లీ!"



"తిరగడం నాకు చేతకాదే," అంది ఏరు. "కొండ దిగిననాడు వెళ్ళొస్తానని మా అమ్మతో చెప్పాను. వెళ్ళడమే అయింది, రావడం కాలేదు."

లోవరాజు ఎలాగో బురదలోంచి బయటపడి పడవెక్కాడు.

పొద్దు నడినెత్తికొచ్చింది. పడవలోనే కుంపటి రాజేసి ఆమె ఆ దోసెడు బియ్యం వండింది. పడవవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది, విన్నారా? లంగరేసిన చోట వండుకుంటే, మొదటి ముద్ద ఏటికి. మరిడమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, ముద్ద తీసింది.

"ఏయ్ మరిడీ! ఉన్నదే నాలుగు ముద్దలు. పైగా నువ్వు ఒట్టిమనిషివి కాదు. ఇవాళ్టికి ఏరేం అనుకోదులే," అన్నాడు లోవరాజు.

"ఏరు అనుకోదు మావా. నాకే మెతుకు గొంతు దిగదు," అని ముద్దని నీళ్ళలో విడిచింది.

ఏరు ఆ ముద్దని చెదరనివ్వలేదు. మూగిన చేపల్ని "హుష్, హుష్!" అని తోలుకుంటూ తీసుకెళ్ళి సముద్రుడి ముందు పెట్టింది.

సముద్రుడు నోట్లో వేసుకుని, కళ్ళు పెద్దవి చేశాడు. "ఇదేమిటి? వెచ్చగా ఉంది!"

"అన్నం. ఆకలిమీదున్న ఆడకూతురు తను తినకముందు తీసి పెట్టింది."

"ముందు తీసిందా?" అన్నాడు సముద్రుడు. "విరిగిన కొమ్మలు, రాలిన ఆకులు, పారేసిన విస్తళ్ళు... ఇన్నాళ్ళూ ఎవరో వద్దనుకున్నవే కదా నాకొచ్చేవి! ఎక్కడుందా తల్లి?"

"నాలుగో మలుపు దగ్గర. నొప్పులు మొదలయ్యాయి."

సముద్రుడు లేచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గడప దాటాడు. రెండు చేతులా ఏటిని పట్టి మెల్లగా వెనక్కి నెట్టాడు. బురద మునిగింది. పీత మడచెట్టెక్కింది. లంగరు మీద పడవ గిర్రున తిరిగింది.

"తిరుగుతున్నానే మరిడీ! నేను తిరుగుతున్నానే!" అని ఏరు కేక పెట్టింది. "లోవరాజూ, చూస్తావేం? లంగరెత్తు!"

దీపాలు పెట్టే వేళకి పడవ పుట్టింటి రేవుకి తగిలింది. తల్లి పరిగెత్తుకొచ్చి కూతుర్ని లోపలికి తీసుకుపోయింది. బిడ్డ ఏడుపు వినిపించేదాకా సముద్రుడు రేవులోనే నిలబడ్డాడు. ఒక్క అల కూడా కదల్లేదు.

"ఆడపిల్ల!" అంటూ మంత్రసాని బయటికొచ్చి చేతులు జోడించింది. "స్వామీ, నీకేం ఇచ్చుకోమంటావు?"

"నీ కూతురు పెట్టిందే, అలాంటి మొదటి ముద్దే. మీరు ఎన్ని పూటలు తింటారు?"

"రెండు పూటలు, దేవుడు పెడితే."

"అయితే రెండు పూటలా వస్తాను."

"రావయ్యా, మా భాగ్యం! కాకపోతే బాలింత ఇల్లు. పొయ్యి ఏ వేళకి అంటుకుంటుందో! అన్నం ఉడక్కుండా వచ్చి కూర్చుంటే మాకు సిగ్గు. తిన్నాక నువ్విక్కడే నడుం వాల్చావా, ఊరు మునుగుతుంది."

సముద్రుడు నవ్వాడు. "రోజూ నిన్నటికన్నా కాస్త ఆలస్యంగానే వస్తాలే అమ్మా. తిన్న వెంటనే వెళ్ళిపోతాను."

అప్పుడు ఏరు నెమ్మదిగా అడిగింది. "నన్ను మా కొండదాకా తీసుకెళ్ళవా?"

"అంత దూరం నా వల్ల కాదు. నేనెంత దూరం రాగలిగితే అంత దూరం తీసుకెళ్తాను," అన్నాడు సముద్రుడు.

అప్పటినుంచే, సముద్రం రోజుకి రెండుసార్లు ఏట్లోకి పోటెత్తి వస్తుంది. ఏ రోజుకారోజు కాస్త ఆలస్యంగా వస్తుంది, వచ్చి వెళ్ళిపోతుంది. గాలి లేనినాడు పడవవాళ్ళు లంగరేసుకుని ఆ పోటుకోసం కాచుకుంటారు. అది ఉన్న కాసేపూ ఏరు కొండవైపే నడుస్తుంది.