నడిమి గూడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, చిన్నవాడు చురుకైనవాడు. నడిమివాడు చంద్రకేతు మాత్రం తన నీడను చూసి తానే జడుసుకునే రకం.

పొరుగు రాజు కూతురు హేమవల్లిని కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి ముగ్గురూ ఏడు సముద్రాలు దాటి వాడి గుహకు చేరారు. వాడు స్నానానికి వెళ్ళాడు. హేమవల్లి ఇనుప బోనులో ఉంది. ఎదురుగా ఒక రాతి తలుపు. తలుపు వెనక చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం. తలుపు మీద మాట్లాడే ముసలి బల్లి ఒకటుంది.

“నాయనా, ఈ తలుపుకు ఆరు గూళ్ళు,” అంది బల్లి. “కింద మూడు, వాటి మీద రెండు, కొసన ఒకటి. కింద ఈ చివర మూడు గులకరాళ్ళున్నాయి, ఆ చివర ఐదు. నడిమి గూట్లో మీరు వేయాలి. పై గూళ్ళు వాటంతటవే నిండుతాయి. దేనికైనా తన కింద ఆనుకున్న రెండు గూళ్ళలో ఎన్నుంటే అన్ని చేరతాయి. కొసన సరిగ్గా ఇరవై పడాలి. తప్పితే వేసినవాడు రాయైపోతాడు, వేసిన రాళ్ళు రాలిపోతాయి.”

“ఇంతేనా? ఇరవైలో ఎనిమిది పోతే పన్నెండు,” అని పెద్దవాడు పన్నెండు వేశాడు. కొసన ముప్ఫైరెండు పడ్డాయి. నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్టే రాయైపోయాడు.

“అన్న ఎక్కువ వేశాడు. ఆ పన్నెండూ కొస గూటి కిందున్న ఖాళీ గూళ్ళు మూడింటికీ పంచాలి,” అని చిన్నవాడు నాలుగు వేశాడు. కొసన పదహారే పడ్డాయి. వాడూ రాయైపోయాడు.

చంద్రకేతుకు ఏడుపొచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు, చల్లగా ఉంది. ఇంతలో మెట్ల మీద పావుకోళ్ళ చప్పుడు. టక్. టక్. టక్.

“వాడొస్తున్నాడు, త్వరగా వెయ్యండి,” అంది హేమవల్లి.

“తొందరపడితే నేనూ రాయినవుతానమ్మా,” అన్నాడు చంద్రకేతు. పిరికివాడు ఏ పనైనా ముందు వేలుపెట్టి చూసుకుంటాడు. అతనూ మూల గూటి మీద వేలుపెట్టాడు. దాని పైన ఒకటే గూడు ఆనింది. రెండో మూలకూ ఒకటే. నడిమి గూటి మీద పెడితే ఇటొకటి, అటొకటి, రెండు గూళ్ళు ఆనాయి.

“అంటే దీని రాళ్ళు రెండుసార్లు పైకెక్కుతాయి. పన్నెండులో సగం చాలు,” అనుకుని ఒక్కొక్కటే వేశాడు. ఐదోది వేసేసరికి కరాళుడి నీడ గోడ మీద పడింది. ఆరోది చేతిలోంచి జారింది. వంగి, తడుముకుని, తీసి వేశాడు.

పైన తొమ్మిది, పదకొండు. కొసన ఇరవై. తలుపు తెరుచుకుంది. కరాళుడి చెయ్యి మెడ మీద పడుతుండగానే చంద్రకేతు చిలుక మెడ విరిచాడు. మాంత్రికుడు అక్కడే కూలిపోయాడు. బోను ఊడిపడింది, అన్నదమ్ములు కళ్ళు తెరిచారు.

“నీకు భయం వేయలేదురా?” అనడిగాడు అన్న.

“ఇంకా వేస్తూనే ఉందన్నయ్యా,” అని చంద్రకేతు వాళ్ళిద్దరినీ కావలించుకుని ఏడ్చాడు.

హేమవల్లి ఏరికోరి అతన్నే పెళ్ళాడింది. చంద్రకేతు అరవై ఏళ్ళు రాజ్యమేలాడు. ఆ అరవై ఏళ్ళూ, భయపడ్డవాణ్ణి చూసి నవ్వినవాడు ఆ రాజ్యంలో ఒక్కడూ లేడట.